స్కిల్ ట్రైనింగ్‌కు మళ్లీ ఊరికి ఐదుగురట. పోయినేడు పంపిన పిల్లలకు ఏం చెప్పాలి?

అడిగినవారు: వీఓఏ అక్క, దేవరకొండ వైపు
మంగళవారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. దేవరకొండ దగ్గర ఒక ఊర్లో నేను వీఓఏగా, అంటే మహిళా పొదుపు సంఘాల సహాయకురాలిగా చేస్తున్నాను. సంఘాల పుస్తకాలు రాయడం, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి కిస్తీలు, మీటింగులు, ఇదీ నా పని. మా ఊరు, దాని కింద రెండు తండాలు కలిపి ఇరవై ఆరు సంఘాలు.

పోయిన వారం మండలం మీటింగులో మళ్లీ ఆ మాట వచ్చింది. ఊరికి ఐదుగురి పేర్లు ఇవ్వాలట. పద్దెనిమిది నిండినవాళ్లు, చదువు ఆపేసి ఇంట్లో ఉన్నవాళ్లు. మూడు నెలల ఉచిత ట్రైనింగ్, హాస్టల్, తిండి, బట్టలు, చివరికి ఉద్యోగం. శనివారం లోపు లిస్ట్ వాట్సాప్‌లో పెట్టాలి. అందరూ పుస్తకాలు తీసి రాసుకుంటున్నారు. నాకు ఒక్క పేరు రాయడానికి చెయ్యి రాలేదు.

పోయినేడు నలుగురు ఆడపిల్లల పేర్లు రాశాను. ఇద్దరు ఇంటర్, ఒకమ్మాయి డిగ్రీ మధ్యలో ఆపింది, ఒకమ్మాయి పదో తరగతి. వాళ్ల ఇళ్లకు నేనే పోయాను. ఒక తల్లి "పత్తి ఏరే రోజులమ్మా, ఇప్పుడు పంపితే ఎట్లా" అంది. "పత్తి ఏటా వస్తది, ఈ చాన్స్ మళ్లీ రాదు" అన్నాను. ఆ మాట ఇప్పుడు నాకే గుచ్చుకుంటోంది.

ట్రైనింగ్ బాగానే జరిగింది, అబద్ధం చెప్పను. హైదరాబాద్ శివార్లలో హాస్టల్, రెండు జతల యూనిఫాం, కంప్యూటర్, కొంచెం ఇంగ్లీషు. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు ఒకమ్మాయి వాకిట్లో నిలబడి తన పేరు, ఊరు, తండ్రి పేరు, అన్నీ ఇంగ్లీషులో గడగడా చెప్పింది. వాళ్ల నాన్న తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత ఉద్యోగాలు. ఇద్దరిని బట్టల షాపులో, ఒకరిని గోడౌన్‌లో ప్యాకింగ్‌కు, ఒకరిని బిల్లింగ్ కౌంటర్‌లో పెట్టారు. చేతికి పదివేల ఎనిమిది వందలు. అందులో హాస్టల్‌కే ఐదున్నర వేలు. షాపులో పొద్దున పది నుంచి రాత్రి దాకా నిలబడే ఉండాలి, కూర్చుంటే సూపర్‌వైజర్ కేకలు. ప్యాకింగ్ అమ్మాయి రెండో నెలలోనే వచ్చేసింది. షాపులో ఉన్న ఇద్దరు నాలుగో నెలలో వచ్చారు. బిల్లింగ్ కౌంటర్ పిల్ల ఒక్కతే అక్కడ ఉంది.

వచ్చేసిన వాళ్లలో ఒకరికి పెళ్లయింది. మిగతా ఇద్దరు కూలికి పోతున్నారు. సంఘం మీటింగు రోజు వాళ్ల అమ్మలు నాతో మాట్లాడరు. కిస్తీ కడతారు, సంతకం పెడతారు, లేచిపోతారు. తిట్టినా బాగుండేది.

నా డౌట్లు ఇవీ. అసలు ఈ ఐదు అనే అంకె ఎక్కడ పుడుతుంది? మా ఊర్లో ఎందరికి ఉద్యోగం కావాలో, ఏ పని కావాలో ఎవరూ నన్ను అడగలేదు. పిల్లలు తిరిగొచ్చేసినా సెంటర్‌కు డబ్బు వస్తుందా? ఈసారి నేను పేర్లు రాయాలా, వద్దా? రాస్తే ముందు ఏం అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి. ఊరికే సర్కారును తిట్టడానికైతే వద్దు, అది నాకూ వచ్చు.


జవాబు: మిల్లు గుమస్తా, మిర్యాలగూడ
మంగళవారం, రాత్రి 11:15

అక్కా, తిట్టను గానీ ఒక్క మాట. 2020లో లాక్‌డౌన్ అప్పుడు మన రైస్ మిల్లుల్లో బస్తాలు మోయడానికి హమాలీలు లేక, మే 8న బిహార్‌లోని ఖగారియా నుంచి రెండొందల మందికి పైగా కూలీలు ప్రత్యేక రైల్లో లింగంపల్లిలో దిగారు. దేశమంతా వలస కూలీలు ఇళ్లకు పోతుంటే మనకు ఎదురు వచ్చారు. మనవాళ్లేమో ముంబై, పుణె పోతారు. ఇక్కడ పని లేక కాదు, ఆ కూలికి ఆ పని మనకు గిట్టదు. ఈ లెక్క తేలకుండా ఎన్ని ట్రైనింగులు పెట్టినా ఏం లాభం? అంతే, నిద్రొస్తోంది.


జవాబు: వైండింగ్ షాపు, నల్గొండ
బుధవారం, ఉదయం 6:20

అక్కా, మీరు అడిగినవి నాకు తెలిసిన విషయాలే. తెలిసినందుకు గర్వమేమీ లేదు. నాలుగేళ్లు నేను ఒక ట్రైనింగ్ సెంటర్‌కు మొబిలైజర్‌గా చేశాను. మొబిలైజర్ అంటే బైక్ వేసుకుని ఊర్లు తిరిగి పిల్లల్ని పోగుచేసేవాడు. చింతపల్లి, కొండమల్లేపల్లి, డిండి, పెద్దవూర, ఆ రోడ్ల మీద గుంతలన్నీ నాకు లెక్క. నెలకు ముప్పై మందిని తేవాలి. తేకపోతే జీతం ఆగేది. ఇప్పుడు మోటారు వైండింగ్ షాపు పెట్టుకున్నాను. కాలిన మోటార్లు తెచ్చేవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు, హాయిగా ఉంది.

మొదట ఆ అంకె సంగతి. 2009లో కేంద్రం తెచ్చిన నైపుణ్య విధానంలో 2022 నాటికి 50 కోట్ల మందికి శిక్షణ అని రాశారు. 2015లో పీఎం కౌశల్ వికాస్ యోజన మొదలుపెట్టినప్పుడు 24 లక్షలు. 2016లో దాన్ని పెంచి నాలుగేళ్లలో కోటి మంది, 12,000 కోట్ల రూపాయలు అన్నారు. 2021లో మూడో విడతకు వచ్చేసరికి 8 లక్షలు, 948.90 కోట్లు. ఈ కిందా మీదా చూస్తేనే తెలుస్తుంది, ఏ ఊర్లో ఏ పనికి మనిషి కావాలో అడిగి కట్టిన మొత్తాలు కావు ఇవి. పైన పెద్ద అంకె వేసి కిందికి పంచుతారు. రాష్ట్రానికింత, జిల్లాకింత, మండలానికింత అని తెగుతూ తెగుతూ మీ పుస్తకంలోకి వచ్చేసరికి అది ఐదైంది. 2016లో కేంద్రమే వేసిన శారదా ప్రసాద్ కమిటీ కూడా ఈ టార్గెట్లు మరీ ఎక్కువని, పరిశ్రమకు ఏం కావాలో చూడకుండా అందరూ అంకెల వెంట పడ్డారని రాసింది.

మీ పిల్లలు పోయింది హాస్టల్, యూనిఫాం అంటున్నారు కాబట్టి డీడీయూ-జీకేవై (దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన) అయి ఉంటుంది. అది గ్రామీణాభివృద్ధి శాఖది, 2014లో వచ్చింది. కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు. మన దగ్గర ఈజీఎంఎం అనే రాష్ట్ర ఉపాధి సంస్థ నడుపుతుంది. సెంటర్‌కు డబ్బు పాత రూల్స్ ప్రకారం 25, 50, 15, 10 శాతాల చొప్పున నాలుగు విడతల్లో వచ్చేది. కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలి. 2014 నాటి రూల్స్‌లో ఉద్యోగం అంటే ఏమిటో కూడా రాశారు. నెలకు 6,000 రూపాయలు లేదా ఆ రాష్ట్ర కనీస వేతనం, రెండిట్లో ఏది ఎక్కువైతే అది, మూడు నెలల పాటు అందాలి. హాస్టల్ కిరాయి మాట అందులో లేదు.

హాస్టల్ లేని కౌశల్ వికాస్ సెంటర్ల లెక్క ఇంకా సులువు. 2015లో కేంద్రం గంటల మీద రేటు కట్టింది. మిషన్లు, వర్క్‌షాపు కావాల్సిన కోర్సుకు మనిషికి గంటకు 38 రూపాయల 50 పైసలు, దాని తర్వాతి రకానికి 33, ఆ తర్వాత 27.50. తర్వాత రేట్లు పెరిగాయి గానీ, పద్ధతి అర్థం కావాలంటే ఇది చాలు. ముప్పై మంది, 300 గంటలు, 38.50 లెక్కన బ్యాచ్‌కు 3,46,500. క్లాసు మొదలైతే 30 శాతం, అంటే 1,03,950. పిల్లలు పరీక్ష పాసై సర్టిఫికెట్ వస్తే 50 శాతం, 1,73,250. ఉద్యోగాలు చూపిస్తే మిగతా 20 శాతం, 69,300. నూటికి డెబ్బై మందికి ఉద్యోగం వస్తే ఈ చివరిది పూర్తిగా ఇచ్చేవారు. యాభై నుంచి డెబ్బై మధ్య ఉంటే దామాషాలో. యాభై కంటే తగ్గితే ఈ చివరి భాగం ఉండేది కాదు. అంటే ముప్పై మందీ చివరిదాకా కూర్చుని పాసైతే చాలు, ఒక్కరికీ ఉద్యోగం రాకపోయినా ఆ బ్యాచ్ మీద 2,77,200 వచ్చేవి. ఇప్పుడు చెప్పండి, సెంటర్ వాడు బ్యాచ్ నింపడానికి నాలాంటోణ్ని పెట్టుకుంటాడా, ఉద్యోగాలు వెతికేవాణ్ని పెట్టుకుంటాడా? మా దగ్గర ఐదుగురు మొబిలైజర్లం. ప్లేస్‌మెంట్ చూసే అతను ఒక్కడే. అతనే స్టోర్ ఇన్‌చార్జి కూడా.

ఇక మీ అసలు బాధ. ఇద్దరు నాలుగో నెలలో వచ్చారని రాశారు. అది చదివి నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టాను. లెక్కలో ఉద్యోగం అంటే మూడు నెలలే. తొంభై రోజులు దాటేదాకా పిల్లలకు రోజు విడిచి రోజు ఫోన్ చేసేవాణ్ని. "చెల్లె, జర ఓర్చుకో, ఇంకో ఇరవై రోజులు. జీతం స్లిప్ ఫోటో తీసి పంపు, బ్యాంక్ స్టేట్‌మెంట్ పంపు." తొంభై ఒకటో రోజు నుంచి నా కాల్ లిస్టులో కొత్త బ్యాచ్ నంబర్లు ఉండేవి. పాత పిల్లలు చేస్తే ఎత్తేవాణ్ని కాదు. ఎత్తి ఏం చెప్పాలి? మీ పిల్లలు ఆ నెలలోనే ఎందుకు వచ్చారో నాకు కొత్తగా ఆలోచించాల్సిన పని లేదు. అప్పటిదాకా ఎవరో ఒకరు పట్టుకుని ఉంటారు, ఆ తర్వాత వదిలేస్తారు.

ఇది మన మండలం ముచ్చట ఒక్కటే కూడా కాదు. 2025 డిసెంబర్‌లో సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ రిపోర్టు పార్లమెంటులో పెట్టారు, కౌశల్ వికాస్ యోజన మీద. శిక్షణ తీసుకున్నవాళ్లలో 94.53 శాతం మంది బ్యాంకు ఖాతా దగ్గర సున్నాలో, ఖాళీయో, పనికిరాని రాతలో ఉన్నాయట. షార్ట్ టర్మ్ కోర్సుల్లో సర్టిఫికెట్ పొందినవాళ్లలో ఉద్యోగం వచ్చింది నూటికి 41 మందికి. కొన్నిచోట్ల ఒకే ఫోటోను వేరే వేరే రాష్ట్రాల బ్యాచ్‌లకు పెట్టారు. దాన్ని చూసి మా పాత స్టాఫ్ గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు. మామూలుగా గుడ్ మార్నింగ్ ఫోటోలకే వంద మెసేజులు వస్తాయి.

పేర్లు రాయాలా అంటే, రాయండి. కానీ ముందు సెంటర్‌ను పోయినేటి బ్యాచ్ లిస్ట్ అడగండి. వాళ్లు ఇచ్చే మొదటి ఇద్దరి నంబర్లకు చేయకండి, వాళ్లు నేర్పిన మాటలే చెప్తారు. లిస్టులో మధ్య నుంచి ఓ నలుగురిని మీరే ఎంచుకుని చేయండి. అడగాల్సింది ఒక్కటే: ఐదో నెలలో ఎక్కడ ఉన్నావు? జీతం చెప్పినప్పుడు చేతికొచ్చేది ఎంత అని పట్టుబట్టండి, పీఎఫ్, ఈఎస్ఐ కలిపి చెప్పే పెద్ద అంకె వద్దు. ఎక్కడ ఉంటారు, హాస్టల్ ఎవరు కడతారు, వారంలో సెలవు ఉందా, ఇవి కాగితం మీద ఉండాలి. ఉద్యోగంలో చేరిన మొదట్లో పిల్లలకు నెల నెలా కొంత సాయం ఇవ్వాలని రూల్స్‌లో ఉంది, దాన్ని గట్టిగా అడగండి, అడగకపోతే మరిచిపోతారు. టెన్త్ మెమో, టీసీ ఒరిజినల్స్ చూపించి తిరిగి తీసుకోవాలి, దాచుకోనివ్వకండి.

అన్ని చోట్లా ఇట్లాగే ఉంటుందని మాత్రం అనను. పోచంపల్లి మండలం జలాల్‌పూర్‌లో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ ఉంది, హాస్టల్‌తో ఉచిత కోర్సులు పెడుతుంది. ఒకసారి పిల్లల్ని తీసుకుని పోయి కళ్లారా చూసి రండి. ఇంటి దగ్గరే ఉండి ఏదైనా చేసుకుంటామనే పిల్లలకైతే ఆర్‌సెటీ నయం. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు అవి, జిల్లాకొకటి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన పద్ధతి. కోర్సు అయ్యాక రెండేళ్లు వెంట ఉండి లోన్, షాపు సంగతి చూడాలని వాళ్ల రూల్. మూడు నెలలకూ రెండేళ్లకూ తేడా మీకు నేను చెప్పాలా?


వీఓఏ అక్క
బుధవారం, మధ్యాహ్నం 1:05

అన్నా, మీరు రాసింది చదివాక నా వాట్సాప్‌లో పాత మెసేజులు వెతికాను. పోయిన జనవరిలో బట్టల షాపు పిల్ల నాకు పంపింది: "అక్కా కాళ్లు వాస్తున్నయి, ఇంటికి వస్త." దానికింద నా జవాబు: "ఇంకో ఇరవై రోజులు ఉండు బిడ్డా, అలవాటు అయితది." ఇరవై అని ఎందుకు రాశానో అప్పుడు నాకు తెలియదు. మొబిలైజర్ తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, జర ఇరవై రోజులు ఆపండి" అన్నాడు, అదే రాశాను. ఆ పిల్ల సరిగ్గా అన్ని రోజులూ ఉండి వచ్చింది.

ఇంకేం రాయలేను ఇప్పుడు. మిగతావాళ్లు కూడా చెప్పండి.


జవాబు: అచ్చంపేట అమ్మాయి
బుధవారం, రాత్రి 9:50

అక్కా, నేను మీ ఊరు కాదు గానీ మీ నాలుగో పిల్ల లాంటిదాన్ని. రెండేళ్ల కింద ట్రైనింగ్‌కు పోయాను, ఇప్పటికీ హైదరాబాద్‌లో ఉన్నాను. అందరూ తిరిగొచ్చిన పిల్లల గురించే రాస్తున్నారు, ఉండిపోయినవాళ్లు ఎట్లా ఉన్నారో కూడా ఒకరు చెప్పాలి కదా.

మా బ్యాచ్‌లో ముప్పై ఇద్దరం. ఏడాది తర్వాత సిటీలో మిగిలింది తొమ్మిది మందిమి. మేమేం పెద్ద తెలివిగలవాళ్లం కాదు. మాలో నలుగురం ఒకే మండలం వాళ్లం, ఒకే షాపులో పడ్డాం. హాస్టల్ వదిలేసి వనస్థలిపురంలో ఒక రూము తీసుకున్నాం, కిరాయి ఆరు వేలు, తలా పదిహేను వందలు. ఇంటి నుంచి రేషన్ సన్నబియ్యం తెచ్చుకుంటాం. గ్యాస్, కూరగాయలు కలిపి తలా ఇంకో పద్దెనిమిది వందలు. బస్సుకు పైసా లేదు, 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఫ్రీ కదా. హాస్టల్‌లో ఉన్నప్పుడు పదివేల తొమ్మిది వందల జీతంలో నాకు మిగిలేది మూడున్నర, నాలుగు వేలు. రూముకు వచ్చాక ఏడు వేలు దాటింది. ఆ డబ్బే నన్ను ఆపింది. లేకపోతే నేను కూడా వచ్చేసేదాన్నే, మూడో నెలలో బ్యాగు సర్దాను కూడా.

ఏడు నెలలకు ఆ షాపు మానేసి ఒక డయాగ్నోస్టిక్ సెంటర్‌లో రిసెప్షన్‌కు చేరాను. ఇప్పుడు పదహారున్నర వేలు. కుర్చీ ఉంది! మీకు నవ్వొస్తుందేమో గానీ ఇంట్లో ఫోన్‌లో మొదట చెప్పింది అదే, కుర్చీ ఇచ్చారని.

అందుకని అక్కా, భయపడి పేర్లు రాయడం మానకండి. మా ఊరి అక్క నా పేరు రాయకపోతే ఆ వేసవిలోనే నా పెళ్లి. అయితే ఒక్కొక్కరిని ఒక్కో దిక్కుకు పంపనివ్వకండి. ఇద్దరినో ముగ్గురినో ఒకే చోట వేస్తేనే పంపుతామనండి. ఒక్కతే ఉన్న పిల్ల రాత్రి రూముకు వచ్చి ఏడుస్తుంది. ఇద్దరుంటే సూపర్‌వైజర్‌ను కలిసి తిట్టుకుంటారు.


జవాబు: మేస్త్రీ కొడుకు, మక్తల్
గురువారం, ఉదయం 7:30

వైండింగ్ అన్న చెప్పిన 94.53 అంకె చూసి మా నాన్నకు చదివి వినిపించాను. ఆయన కథ కూడా వినండి.

నాన్న తాపీమేస్త్రీ. పదిహేనేళ్ల వయసులో గుంపు మేస్త్రీ వెంట పోయాడు, పాలమూరు కూలీగా పుణె, ముంబై, బెంగళూరు అన్నీ చూశాడు. ఆయన కట్టిన అపార్టుమెంట్ల పేర్లు ఆయనకే తెలియవు, ఎన్నో అంతస్తు దాకా కట్టాడో మాత్రం చెప్తాడు. కొన్నేళ్ల కింద ఊర్లోకి వచ్చి, "మీకు పని వచ్చు గానీ కాగితం లేదు, కాగితం ఇస్తాం" అన్నారు. ఆర్‌పీఎల్ అంటారు దాన్ని, ముందే వచ్చిన పనిని గుర్తించడం అన్నమాట. స్కూల్ రూములో మూడు రోజులు కూర్చోబెట్టారు. నలభై ఏళ్లు గోడలు కట్టినాయనకు ఇరవై మూడేళ్ల పిల్లగాడు గోడ ఎట్లా కట్టాలో చెప్పాడు. టీషర్టు, టోపీ ఇచ్చారు. ట్యాబ్‌లో పరీక్ష. ఇటుక సైజు ఎంత అని అడిగితే నాన్న చెయ్యి చాపి చూపించాడట. అట్లా కాదు, ఆప్షన్ నొక్కాలి అన్నారు.

సర్టిఫికెట్ వచ్చింది. ఐదొందలు ఖాతాలో పడతాయన్నారు, పడలేదు. పాస్‌బుక్ జిరాక్స్ రెండుసార్లు తీసుకున్నారు. ఇప్పుడు ఆ అంకె విన్నాక నాన్న అన్నాడు: "మరి నా నంబరు దగ్గర ఏం రాసిండ్రో." టోపీ మాత్రం ఇప్పటికీ పెట్టుకుంటాడు, ఎండకు మంచిగుందంటాడు.

పీఎం విశ్వకర్మ మాత్రం కొంచెం నయం అనిపించింది. 2023 సెప్టెంబర్ 17న మొదలైంది, 18 రకాల చేతివృత్తులకు, మేస్త్రీలు అందులో ఉన్నారు. శిక్షణ రోజులకు దినానికి 500, పనిముట్లకు 15,000, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష రూపాయల లోన్. పని వదిలి కూర్చున్న రోజుకు కూలి కట్టివ్వాలని వాళ్లకైనా తోచింది. మా పక్క నారాయణపేట నేతవాళ్లు మాత్రం ఆ పద్దెనిమిదిలో లేరు, వాళ్లను అడిగితే మళ్లీ వేరే కథ.


జవాబు: జడ్చర్ల హెచ్ఆర్
గురువారం, రాత్రి 8:10

పోలేపల్లి వైపు ఒక కంపెనీలో పని చేస్తాను. ఇటువైపు నుంచి కూడా ఒక మాట. ట్రైనింగ్ సెంటర్ల వాళ్లు మా దగ్గరికి ఎక్కువగా మార్చిలో వస్తారు. "సార్, ఒక నలభై ఆఫర్ లెటర్లు ఇవ్వండి." ఏ పనికి అంటే "మీరు ఏది రాస్తే అది." పిల్లలు ఏం నేర్చుకున్నారని ఒక్కరూ ముందే వచ్చి అడగలేదు, మీకు ఏం నేర్పమంటారనీ అడగలేదు. ఆ సర్టిఫికెట్ చూసి నేను ఒక్క రూపాయి ఎక్కువ ఇచ్చింది లేదు, నిజం ఒప్పుకోవాలి. నాకు కావాల్సింది షిఫ్టుకు టైముకు వచ్చేవాళ్లు, తయారయ్యే సరుకు రికార్డు తప్పు లేకుండా రాసేవాళ్లు. అది మూడు నెలల క్లాసులో రాదు, షాప్ ఫ్లోర్ మీద వస్తుంది.

అందుకే అప్రెంటిస్ దారి అడగమంటాను. 1961 నాటి చట్టం, కొత్తదేం కాదు. ముప్పై మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న కంపెనీ తన సిబ్బంది సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. ఇచ్చే స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. పిల్లలు పని చేసే చోటే నేర్చుకుంటారు, ఒప్పందం పోర్టల్‌లో రిజిస్టర్ అవుతుంది, మధ్యలో తీసేయడం అంత సులువు కాదు. కొన్ని కంపెనీలు దీన్ని కూడా చవక కూలీ కింద వాడుకుంటాయి, అది కూడా చెప్పాలి. కాబట్టి ఏ మిషన్ మీద, ఎన్ని నెలలు అని ముందే రాయించుకోండి.

మీ లిస్టులో మగపిల్లలు ఉంటే ఐటీఐ సంగతి చూడండి. రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు. రోబో, సీఎన్‌సీ మిషన్లు పెట్టారు. ఆడపిల్లలు కూడా చేరొచ్చు, మన దగ్గర ఎవరూ చెప్పరు అంతే. ఏడాది, రెండేళ్ల కోర్సులు. ఊరికి ఐదు అనే లెక్కలో అవి రావు గనుక మీ మీటింగులో వాటి పేరు ఎత్తి ఉండరు.


వీఓఏ అక్క
ఆదివారం, సాయంత్రం 5:25

అందరికీ చాలా థాంక్స్. ఏమైందో చెప్పాలి కదా.

శనివారం లిస్టులో రెండే పేర్లు పెట్టాను. ఇద్దరూ ఒక తండావాళ్లు, వరసకు అక్కాచెల్లెళ్లు. పేర్ల పక్కన నేనే మూడు గళ్లు గీసి పెట్టాను: చేతికొచ్చే జీతం ఎంత, ఎక్కడ ఉంటారు, ఇద్దరినీ ఒకే చోట వేస్తారా. గళ్లు నింపి పంపితేనే పిల్లల్ని బస్సు ఎక్కిస్తానని కింద రాశాను. పది నిమిషాల్లో మండలం నుంచి ఫోన్ వచ్చింది. గళ్ల గురించి కాదు. "మిగతా ముగ్గురు ఏరమ్మా?" లేరన్నాను. పక్క ఊరు వాళ్లు ఏడుగురిని ఇచ్చారట, అది వినిపించారు. సరే వినిపించుకోనీ. సెంటర్ నుంచి పోయినేటి లిస్ట్ అడిగాను, సోమవారం పంపుతామన్నారు. వైండింగ్ అన్న చెప్పినట్టు మధ్య నుంచే ఎంచుకుంటాను.

ఇవాళ పొద్దున బట్టల షాపు పిల్ల ఇంటికి పోయాను. వాళ్లమ్మ వాకిట్లో పత్తి కట్టె విరుస్తోంది. ఆ ఇరవై రోజుల మెసేజ్ సంగతి చెప్పాను, ఎవరు రాయమంటే రాశానో కూడా చెప్పాను. విరవడం ఆపలేదు. కాసేపటికి, "దాని కాళ్లకు నొప్పి ఇంకా ఉంది, ఎక్కువసేపు నిలబడలేదు" అంది. ఇంకాసేపటికి, "కూర్చుని చేసే పని ఏదన్న ఉంటే చెప్పు" అంది.

ఆ పిల్లకు కుట్టుపని కొంచెం వచ్చు, జాకెట్లు కుడుతుంది. ఆర్‌సెటీలో టైలరింగ్ బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో ఎవరికైనా తెలుసా?


జవాబు: వైండింగ్ షాపు, నల్గొండ
ఆదివారం, రాత్రి 7:00

రేపు నేనే పోయి కనుక్కుంటానక్కా. ఫోన్‌లో అడిగితే తేదీ ఒక్కటే చెప్తారు. పోయినసారి నేర్చుకున్నవాళ్లలో మిషన్ కొనుక్కుని ఇప్పటికీ కుడుతున్నవాళ్ల నంబర్లు కూడా అడిగి తెస్తాను.